మన ఇల్లు: తాజా రొట్టె ఎక్కడ దొరుకుతుంది?



ఈ నెల ఒక చిన్న విషయమును గూర్చి వ్రాయదలచితిని. చిన్నదే గాని మా ఇంటిలో ఒకసారి నన్ను సిగ్గుపరచిన విషయము. అది అంగడిలో కొనే రొట్టె. జొన్నరొట్టె, సజ్జరొట్టె మన చేతిలోని పని, వాటి సంగతి కాదు. మైదాపిండితో బేకరీలో కాల్చే రొట్టెను గూర్చి చెప్పుచున్నాను. మనము బ్రెడ్డు అంటాము, తెలంగాణలో పెద్దవారు డబల్ రొట్టె అంటారు.

పల్లెటూళ్లలో మనము బ్రెడ్డు ఎప్పుడు కొంటామో ఒక్కసారి ఆలోచించండి. ఇంట్లో ఎవరికైనా జ్వరము వస్తే కొంటాము. ఆసుపత్రిలో ఉన్నవారిని చూడబోతూ కొంటాము. రొట్టె వాడే సంఘములలో ప్రభువు బల్ల ఆదివారము కొరకు కొంటాము. అంటే, ఇంట్లో అందరికంటె బలహీనముగా ఉన్నవారి కొరకు, లేదా మనము అన్నిటికంటె గౌరవముగా ఎంచే దాని కొరకు. అటువంటి రొట్టె ఊరిలో దొరికే వాటిలో శ్రేష్ఠమైనదై ఉండాలి గదా! కాని జరిగేది ఏమిటి?

జ్వరపు నోరు

కొన్నేళ్ల క్రిందట వానాకాలములో మా అత్తగారికి జ్వరము పట్టుకొన్నది. డాక్టరుగారు మాత్రలు వ్రాసి, తేలికైన ఆహారము పెట్టమన్నారు. ఇంకేమున్నది, మా చిన్నవాణ్ణి వీధి చివరి కొట్టుకు పంపి బ్రెడ్డు తెప్పించాను. రెండు ముక్కలు పాలలో ముంచి ఇచ్చాను. ఆమె మాట్లాడకుండా తిన్నారు. మరునాడు ఉదయము మరి రెండు ముక్కలు. ఆ సాయంత్రము ప్యాకెట్టు అడుగున ఉన్న ముక్క తీసి చూస్తే, అంచున రూపాయి బిళ్లంత పచ్చని బూజు!

"ఇదేమిటత్తయ్యా, నిన్న తింటున్నప్పుడు మీకు తేడా తెలియలేదా?" అని అడిగాను.

"ఏదో ముక్కిన వాసన వచ్చిందమ్మాయ్. జ్వరపు నోటికి అన్నీ చేదే గదా, నా నోరే బాగోలేదనుకున్నాను" అన్నారు.

దేవుని దయవలన ఆమెకు ఏ కీడును కలుగలేదు. కాని ఆ మాట నేను ఇప్పటికిని మరువలేదు. ఆరోగ్యముగా ఉన్నవాడైతే మొదటి ముక్కకే ఉమ్మివేసి కొట్టువానితో పోట్లాటకు పోయేవాడు. జ్వరములో ఉన్న మనిషి తన నోటినే తప్పుపట్టుకుంటుంది. ఆసుపత్రి మంచము మీద ఉన్నవారు చూడవచ్చిన చుట్టమును నొప్పించలేరు. ఊరిలోని పాత రొట్టె చివరకు అడగలేనివారి నోటికే చేరుచున్నది.

నేను కోపముతో కొట్టుకు వెళ్లాను. కొట్టాయన ప్యాకెట్టును తిరగేసి చూపించాడు. తేదీ దాని మీదనే ఉన్నది, అది దాటి నాలుగు రోజులైంది. అమ్మినవాడు అతడు, చూడకుండా పెట్టినది నేను. తరువాత అతడు మెల్లగా ఇలా అన్నాడు: "అమ్మగారూ, మీతో అబద్ధమెందుకు? వ్యాను వారానికొకసారి వస్తుంది. అయిదు ప్యాకెట్లకు తక్కువైతే దింపడు. మన ఊళ్లో జ్వరాలొస్తేనే గదా బ్రెడ్డు అడిగేది! ఎవరికీ జ్వరం రాకపోతే అవి అట్లాగే ఉండిపోతాయి. పారేద్దామంటే చేతి డబ్బు పోతుంది."

తేదీ దాటినదానిని అమ్మడము తప్పే. అతనికి ఆ మాట చెప్పాను. కాని ఇంటికి తిరిగి వచ్చుచుండగా అసలు కారణము అర్థమైంది. మన ఊరిలో రొట్టె కొట్టు మీద కూర్చుండి రోగి కొరకు ఎదురు చూచుచున్నది. రోగి రావడము ఆలస్యమైన కొద్దీ రొట్టె పాతదగుచున్నది. బియ్యము పాతబడితే విలువ పెరుగుతుంది, ఊరగాయ ఊరితే రుచి వస్తుంది. రొట్టెకు ఆ గుణము లేదు. అరణ్యములో కురిసిన మన్నాను మరునాటికి దాచుకున్నవారికి ఏమైనదో మన పిల్లలు ఆదివారపు బడిలోనే నేర్చుకున్నారు. ఏ రోజు రొట్టె ఆ రోజుకే.

బోర్డు చూసి మోసపోవద్దు

తాజా రొట్టె కావాలంటే మొదట తెలుసుకోవలసినది, మనకు దగ్గరలో పొయ్యి ఎక్కడ వెలుగుచున్నదో. బేకరీ అని బోర్డు ఉన్నంత మాత్రాన అక్కడ రొట్టె కాలుస్తారని కాదు. అనేక దుకాణములు వేరే చోటినుండి తెచ్చి అమ్మేవే. కనుక పట్టణములో మొదట అడగవలసిన ప్రశ్న ఇది: "బ్రెడ్డు ఇక్కడే కాలుస్తారా, బయటినుండి వస్తుందా?" రెండవ ప్రశ్న: "ఏ వేళకు పొయ్యిలోనుండి దించుతారు?" ఈ రెండు ప్రశ్నలకు తడుముకోకుండా జవాబు చెప్పే దుకాణము దొరికితే సగము పని అయినట్లే.

మన పట్టణములలో బెంగుళూరు అయ్యంగార్ బేకరీ అనే బోర్డులు కనబడుచుంటాయి. కర్ణాటకలోని హాసన్ ప్రాంతపు కుటుంబములు బెంగుళూరులో పేరు తెచ్చిన పని అది. హైదరాబాదులో ఇరానీ హోటళ్లు, ఉస్మానియా బిస్కట్లు కాల్చే బేకరీలు ఉన్నవి. ఇక ప్యాకెట్టు రొట్టె సంగతి. కేంద్ర ప్రభుత్వము 1965లో మోడరన్ బేకరీస్ అనే సంస్థను స్థాపించి, పెద్ద యంత్రములతో రొట్టె చేయించి దూరపు ఊళ్లకు పంపింది. 2000లో ఆ సంస్థను హిందుస్థాన్ లీవర్ కంపెనీకి అమ్మివేసింది. ఇప్పుడు అనేక కంపెనీల ప్యాకెట్లు మన పల్లెలకు వచ్చుచున్నవి. పేరు పెద్దదైనా చిన్నదైనా, ఆ రొట్టె పొయ్యి దిగి ఎన్ని రోజులైందన్నదే మనకు ముఖ్యము.

పై సంఘటన తరువాత నేను పట్టణములో ఒక చిన్న బేకరీకి వెళ్లి ఈ ప్రశ్నలు అడిగాను. ఆయన చిరాకుపడలేదు సరిగదా, లోపలికి పిలిచి పని చూపించాడు. మైదాపిండి, నీళ్లు, ఈస్టు, ఉప్పు, కొంచెము పంచదార, కొంచెము నూనె. వీటిని పిసికి, పిండి పొంగేవరకు ఉంచి, రేకు అచ్చులలో పెట్టి మళ్లీ పొంగనిస్తారు. సుమారు 200 నుండి 220 డిగ్రీల వేడిలో అరగంట మొదలు 40 నిమిషముల వరకు కాలుస్తారు. దించిన తరువాత కనీసము గంటన్నర, రెండు గంటలు ఆరనివ్వాలట. ఈ ఆఖరి మాట బాగా జ్ఞాపకముంచుకోండి. తొందరపడి వేడిమీదనే కవరులో పెడితే ఆవిరి నీరై లోపల అంటుకుంటుంది. ఆ తడికి బూజు త్వరగా పడుతుంది. కనుక వేడిగా ఉన్నదని సంతోషించి కట్టించుకోవద్దు. వేడి రొట్టె దొరికితే కాగితములో గాని గుడ్డలో గాని తెచ్చుకొని, ఇంట్లో ఆరిన తరువాత డబ్బాలో పెట్టుకోవాలి.

కొనేటప్పుడు చూడవలసినవి

1. కవరు లోపల నీటి బొట్లు ఉన్నవా? ఉంటే తీసుకోవద్దు.

2. వ్రేలితో మెల్లగా నొక్కి వదలండి. తాజా రొట్టె తిరిగి పైకి లేస్తుంది. నొక్కిన గుంట అలాగే ఉండిపోతే పాతదై ఉండవచ్చును, లేదా లోపల సరిగా కాలలేదేమో.

3. వాసన చూడండి. మంచి రొట్టెకు కాల్చిన గోధుమ వాసన ఉంటుంది. పులుపు ఘాటుగా ఉంటే పిండి ఎక్కువగా పులిసినదని అర్థము. కాని బూజు కనబడితే మాత్రము దగ్గరకు పెట్టుకొని వాసన చూడవద్దు. ఆ ధూళి ఊపిరిలోనికి పోవడము మంచిది కాదు.

4. ప్యాకెట్టు మీద తయారైన తేదీ, ఎంతవరకు వాడవచ్చునో చూడండి. అక్షరములు చిన్నవై కంటికి ఆనకపోతే పిల్లలచేత చదివించండి. తేదీ లేని కవరైతే ఎప్పుడు కాల్చినదో అడిగి కొనండి.

5. ఎఫ్.ఎస్.ఎస్.ఎ.ఐ. అనే గుర్తు క్రింద 14 అంకెల సంఖ్య ఉంటుంది. అది ఆహార భద్రతా శాఖ వారి లైసెన్సు సంఖ్య. చిన్న బేకరీలు కూడా ఆ శాఖలో నమోదు కావలసిందే.

6. బ్రౌన్ బ్రెడ్డు అని రంగు చూసి ఎక్కువ డబ్బు ఇవ్వవద్దు. కాల్చిన చక్కెరతో చేసే కారమెల్ రంగు కలిపినా మైదా రొట్టె గోధుమరంగులోనికి వస్తుంది. ప్యాకెట్టు మీద వ్రాసే పదార్థములలో ఏది ఎక్కువగా వేస్తారో దాని పేరు ముందుగా ఉంటుంది. మొదటి పేరు గోధుమపిండి అయితే అది గోధుమ రొట్టె. మొదటి పేరు మైదా అయితే, రంగు ఏదైనా అది మైదా రొట్టెయే.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. 2016 మే నెలలో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్మెంట్ అనే సంస్థ ఆ నగరములో అమ్మే రొట్టెలు, బన్నులు మొదలైన 38 నమూనాలను పరీక్షించింది. నూటికి 84 వంతుల నమూనాలలో పొటాషియం బ్రోమేట్ గాని పొటాషియం అయోడేట్ గాని ఉన్నట్లు తేలింది. రొట్టె బాగా పొంగి మెత్తగా కనబడుటకు పిండిలో కలిపేవి ఇవి. బ్రోమేట్ క్యాన్సరు కలిగించవచ్చునని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధనా సంస్థ జాబితాలో ఉన్నది. మరుసటి నెలలోనే, అంటే 2016 జూన్‌లో, మన దేశములో దాని వాడకమును నిషేధించారు. కాబట్టి దూదిలాగ ఉబ్బి, చేతికి బరువే తెలియని రొట్టెను చూసి మురిసిపోనవసరము లేదు. "పిండిలో ఏమేమి కలుపుతారు నాయనా?" అని బేకరీవానిని అడగడము మర్యాదకు లోటేమీ కాదు. నిజాయితీగా పనిచేసేవాడు సంతోషముగా చెబుతాడు.

గట్టిపడినది వేరు, చెడిపోయినది వేరు

ఈ రెంటికి తేడా తెలియక కొందరు మంచి రొట్టెను పారవేస్తారు, మరికొందరు చెడినదానిని తింటారు.

రొట్టె గట్టిపడడము అంటే అందులోని తడి ఆరిపోవడము మాత్రమే కాదు. కాల్చినప్పుడు మెత్తబడిన పిండిపదార్థము చల్లారిన తరువాత క్రమముగా మళ్లీ బిగుసుకుంటుంది. ఆశ్చర్యమేమిటంటే, ఫ్రిజ్‌లోని చల్లదనములో ఇది మరింత త్వరగా జరుగుతుంది. కనుక రెండు రోజులలో అయిపోయే రొట్టెను ఫ్రిజ్‌లో పెట్టనవసరము లేదు. మూత ఉన్న డబ్బాలో నీడపట్టున ఉంచితే చాలును. ఎక్కువ రోజులు ఉంచవలసివస్తే గడ్డకట్టే అరలో పెట్టి, కావలసిన ముక్కలు తీసుకొని పెనము మీద వేడిచేసుకోవాలి. వానాకాలములోను, తేమగల కోస్తా వేసవిలోను బూజు త్వరగా పడుతుంది. గట్టిపడినా ఫర్వాలేదు, బూజు పట్టకుండా ఉంటే చాలుననుకుంటే అప్పుడు ఫ్రిజ్ పనికివస్తుంది.

గట్టిపడిన రొట్టె తినుటకు పనికివస్తుంది. పెనము మీద కాలిస్తే గాని, ఆవిరి పట్టిస్తే గాని మళ్లీ మెత్తబడుతుంది. వెంటనే తినివేయాలి. చల్లారితే మునుపటికంటె గట్టిపడుతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి ఉప్మా చేసుకోవచ్చును. హైదరాబాదు పెండ్లి విందులలో పెట్టే డబల్ కా మీఠా కూడా రొట్టె ముక్కలను నేతిలో వేయించి పాలలో, పాకములో నానబెట్టి చేసేదే. మనము టీలో ముంచుకొనే రస్కు కూడా రెండుసార్లు కాల్చిన రొట్టెయే గదా!

చెడిపోయిన రొట్టె అలా కాదు. బూజు పైన ఒక చుక్కగా కనబడినా దాని పోగులు కంటికి కనబడకుండ లోపలికి ప్రాకి ఉంటాయి. ఆ ముక్క తీసివేసి మిగిలినది తింటామనకూడదు. ప్యాకెట్టంతా పారవేయవలసిందే. ఎండాకాలములో మరొక విధముగా కూడా చెడుతుంది. పైకి బాగానే ఉంటుంది గాని, తుంచితే లోపల జిగురై తీగలు సాగుతుంది, మగ్గిపోయిన పండు వాసన వేస్తుంది. పిండిలోని ఒక రకపు సూక్ష్మజీవుల వలన ఇది కలుగుతుంది. కాలేటప్పుడు రొట్టె లోపలి వేడి 100 డిగ్రీలు దాటదు గనుక వాటి బీజములు చావకుండ మిగిలిపోతాయి. అటువంటి దానిని రుచి కూడా చూడవద్దు, పశువులకు కూడా వేయవద్దు.

ఇంకొక మాట. జ్వరము అనగానే బ్రెడ్డే పెట్టాలన్న నియమమేమీ లేదు. తాజా రొట్టె దొరకని రోజున పలుచని రాగిజావ, మెత్తని ఇడ్లీ, మజ్జిగ కలిపిన మెత్తని అన్నము జ్వరము మనిషికి చక్కని ఆహారము. షుగరు ఉన్నవారికైతే మైదా రొట్టె తేలికైనదని పొరబడకండి. అది రక్తములో చక్కెరను త్వరగా పెంచుతుంది. వారి విషయములో డాక్టరుగారిని అడిగి పెట్టండి.

మేము చేసిన ఏర్పాటు

మా స్త్రీల సమాజము కూడుకొన్నప్పుడు నేను ఈ సంగతి చెప్పాను. చెబుతుండగా ఒక్కొక్కరికి తమ ఇంటి సంగతులు జ్ఞాపకము వచ్చినవి. కాన్పు అయిన కూతురికి పాత రొట్టె పెట్టినవారు ఉన్నారు. ఆసుపత్రికి తీసుకువెళ్లిన ప్యాకెట్టును పక్క మంచము వారు చూసి చెబితే సిగ్గుపడి వచ్చినవారు ఉన్నారు. అప్పుడు ఒక పెద్దామె లేచి, "మరి ప్రభువు బల్లకు తెచ్చే రొట్టె ఎప్పటిదో మనలో ఎవరైనా అడిగామా?" అన్నది. అందరము ఒకరి ముఖము ఒకరు చూసుకున్నాము. విచారిస్తే, గురువారము పట్టణమునకు పనిమీద వెళ్లేవారు తమ వీలునుబట్టి ఆ రోజే తెచ్చి ఉంచుచున్నారని తెలిసింది. వారు భక్తిలేక చేసినది కాదు. ఎవరును ఆలోచించలేదు, అంతే.

ఆ దినమున మేము చేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. శనివారము సాయంత్రము రొట్టె కొంటామని 12 ఇండ్లవారము ఒప్పుకున్నాము. జ్వరము ఉన్నా లేకపోయినా, పిల్లల సాయంకాలపు తిండికైనా ఇంటికొక చిన్న రొట్టె. కొట్టాయనకు ఆ సంగతి చెప్పాము. 12 రొట్టెలు తప్పక పోతాయని తెలిసిన తరువాత అతడు దూరపు వ్యాను కొరకు చూడలేదు. నేను చూచివచ్చిన ఆ బేకరీతోనే మాట్లాడుకొని, శనివారము మధ్యాహ్నము కాల్చినది సాయంత్రపు బస్సులో తెప్పించుచున్నాడు. ప్రభువు బల్ల ఆదివారమునకు ఒక రొట్టె అందులోనుండే వెళ్లుచున్నది. తేదీ దాటినది తన కొట్టులో ఉంచనని అతడు మాకు మాట ఇచ్చాడు. ఆ మాట నిలుపుకొనుట అతనికి ఇప్పుడు కష్టము కాదు, ఎందుకనగా రొట్టె నిలువ ఉండుటలేదు.

వారము మధ్యలో ఎవరికైనా జ్వరము వస్తే పట్టణమునకు వెళ్లేవారెవరో చూసి కబురు చేస్తాము. ఎవరును దొరకకపోతే జావ కాచుకుంటాము. కొట్టు మీద ఉన్నదేదో తెచ్చి పెట్టడము మానివేశాము.

ప్రియులారా, మీ ఊరి సంగతి ఏమిటి? ఈ నెలలో పట్టణమునకు వెళ్లినప్పుడు ఒక బేకరీ ముందు ఆగి ఆ రెండు ప్రశ్నలు అడిగిరండి. మీ వీధిలో రొట్టె కొనే ఇండ్లు ఎన్ని ఉన్నవో లెక్కపెట్టండి. కొట్టాయనతో పోట్లాడక కూర్చుండి మాట్లాడండి. కలిసి కొనేవారు ఉన్న ఊరికి తాజా రొట్టె తానే నడిచి వస్తుంది.

మా అత్తగారు ఇప్పుడు లేరు. ఈ ఏర్పాటు జరిగిన తరువాత రెండు సంవత్సరములు మా మధ్య ఉన్నారు. మొదటి శనివారము వచ్చిన రొట్టెలో ఒక ముక్క తుంచి ఆమె చేతికి ఇచ్చాను. నమిలి, కొంచెముసేపు ఆగి, "అయితే ఆ రోజు నా నోటి తప్పు కాదన్నమాట" అని నవ్వారు.

మీ ఇంట రోగియైనవారికి పెట్టే ముక్కను ముందు మీరు తిని చూడండి. వచ్చే నెల మరల కలుసుకుందాము.